గుసగుసలే... సముద్రాలు దాటి!

ఓ చిన్న ఎల్‌ఈడీ బల్బుకి సరిపోయేంత శక్తి. అంతకుమించి వాడకూడదన్నది వాళ్లకు వాళ్లే పెట్టుకున్న నియమం. ఆ కాస్త శక్తితో, డాబా మీద కట్టిన ఓ తీగతో దేశదేశాల వాళ్లనీ పలకరిస్తుంటారు. జేబులో సెల్‌ఫోను ఉన్నా సరే, ఈ పనే చేస్తారు! ఎందుకట?

తెల్లవారుజాము. పాలప్యాకెట్టు కూడా ఇంకా రాలేదు. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్నారు. ఓ మూల బల్ల ముందు మాత్రం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు ఇంటాయన. వేలితో చిన్న మీటను నొక్కుతున్నాడు. ‘డా డి డా డిట్... డా డా డి డా’. మోర్స్ భాషలో ‘సీక్యూ’ అని. ‘ఎవరైనా ఉన్నారా, నాతో మాట్లాడతారా?’ అని దానర్థం. జవాబు లేదు. కాసేపు విని మళ్లీ నొక్కాడు. ఊహూఁ. పావుగంట గడిచింది. ఇక లేచిపోదామనుకుంటుండగా, వాన చినుకుల్లాంటి ఆ హోరులోంచి సన్నటి ఈల... అది పలికింది అతని పేరునే! అటువైపు మనిషి ఏ ఆస్ట్రేలియాలోనో ఇండోనేసియాలోనో ఉండొచ్చు. ‘మీ సిగ్నల్ బలహీనంగా ఉంది, కానీ అర్థమవుతోంది’ అంటాడు. ఇటునుంచి వెళ్లింది ఐదు వాట్లేనని తెలిస్తే ఓ మెచ్చుకోలు కూడా పంపుతాడు. ఎగిరి గంతేయాలనిపిస్తుంది. ఏంచేస్తాడు, ఇంట్లోవాళ్లు లేస్తారు మరి!

ఇలాంటి దృశ్యం తక్కువశక్తి హామ్ రేడియో అభిమానుల ఇళ్లలో మామూలే. ఆ అభిరుచి పేరు ‘క్యూఆర్‌పీ’.

తగ్గించమంటారా?

క్యూఆర్‌పీ అన్నది టెలిగ్రాఫు రోజులనాటి పొట్టి సంకేతం. దాన్ని ప్రశ్నగా పంపితే ‘నా ప్రసార శక్తి తగ్గించమంటారా?’ అని. అదే ఇప్పుడు ఓ అభిరుచి పేరయింది. మోర్స్‌లో అయితే తీగకి పంపే శక్తి ఐదు వాట్లు మించకూడదన్నది వాళ్ల లెక్క. మాటలకైతే పది వాట్ల దాకా ఒప్పుకుంటారు. మామూలు హామ్ సెట్లు వంద వాట్లవి. ఆకాశవాణి కేంద్రాల సంగతి చెప్పక్కర్లేదు, వాటి లెక్క కిలోవాట్లలోనే.

వీళ్లకి సంఘాలూ ఉన్నాయి. అమెరికాలో 1961లో ఒకటి మొదలైంది. ఇంగ్లండులో 1974లో జార్జ్ డాబ్స్ అనే మతాచార్యుడు ‘జీ-క్యూఆర్‌పీ క్లబ్’ని స్థాపించాడు. అమెరికా సంఘం ఓ తమాషా యోగ్యతాపత్రం ఇస్తుంది. వాటుకి వెయ్యి మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్ల లెక్కన దూరం సాధించినవాళ్లకే అది. ఆ లెక్క ప్రకారం హైదరాబాద్ నుంచి ఒక్క వాటుతో దిల్లీ దాకా వినిపించినా చాలదు. అదే అర వాటుతో వినిపిస్తే... పత్రం మీదే!

ఆకాశమే అద్దం

నమ్మలేకపోతున్నారా? దీని వెనక మంత్రమేమీ లేదు. భూమికి వందల కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్ అనే పొర ఉంది. సూర్యకిరణాల వల్ల అక్కడి వాయు కణాలు విద్యుదావేశం పొందుతాయి. షార్ట్‌వేవ్ తరంగాలు ఆ పొరకి తగిలి కిందికి వంగుతాయి. నేలని తాకి మళ్లీ పైకి లేస్తాయి. చెరువులో కప్పగంతులేసే పెంకులాగా అలా ఎంతో దూరం వెళ్లిపోతాయి.

ఇక శక్తి సంగతి. వంద వాట్లు ఎక్కడ, ఐదెక్కడ... ఇరవయ్యోవంతు! కానీ రేడియో చెవి లెక్క వేరు. రిసీవరు మీద సిగ్నల్ బలాన్ని చూపే మీటరుంటుంది. దాంట్లో ఒక్క మెట్టు ఎక్కాలంటే శక్తి నాలుగింతలు కావాలి. రెండు మెట్లకి పదహారింతలు. అంటే వంద వాట్ల నుంచి ఐదుకి దిగితే పోయేది రెండు మెట్లకి కాస్త ఎక్కువ, అంతే! ఆరో మెట్టు మీద వినిపించాల్సినవాడు నాలుగో మెట్టు కిందికి దిగుతాడు. చెవి రిక్కిస్తే అందుతాడు.

అయితే అద్దం ఎప్పుడూ ఒకేలా ఉండదు. పగలు దగ్గరి ఊళ్లు పలికే పౌనఃపున్యం రాత్రికి ఖండాలు దాటించొచ్చు. సూర్యుడి మీద మచ్చలు పెరిగే ఏళ్లలో ఇంకా మజా. సుమారు 11 ఏళ్లకోసారి తిరిగే ఆ చక్రం 2024లో ఉచ్ఛదశకి చేరినట్టు శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఎక్కువ శక్తి ఉన్నవాడు ఎప్పుడైనా అరిచి పిలవొచ్చు. ఐదు వాట్లవాడికి ఆ వీల్లేదు. ఏ వేళ ఏ దిక్కు తెరుచుకుంటుందో, ఎవరి మాట ఎప్పుడు ముగుస్తుందో గంటలకొద్దీ విని, సందు చూసి పలకాలి. అందుకే ఈ ఆటలో మాట్లాడేది తక్కువ. వినేది ఎక్కువ.

కుళాయి వాషర్లతో రేడియో!

ఈ లోకంలో మన హైదరాబాద్‌కి గొప్ప పేరుంది. కారణం అష్హర్ ఫర్హాన్. హామ్‌లకి ఆయన ‘వీయూ2ఈఎస్‌ఈ’. విదేశీ సెట్లు కొనాలంటే చాలామందికి తలకుమించిన భారం. పోనీ తయారుచేసుకుందామంటే విడిభాగాలు దొరకవు. అందుకే ఇక్కడి బజార్లో దొరికే సరుకుతో ఆరు వాట్ల సెట్టుని రూపొందించాడాయన. 2000ల తొలినాళ్లలో వచ్చిన దాని పేరు ‘బిట్‌ఎక్స్’. తీగచుట్టలకి ప్రత్యేకమైన వలయాలు కావాలి కదా... వాటి బదులు నీళ్ల కుళాయికి వేసే నైలాన్ వాషర్లు! ట్రాన్స్‌ఫార్మర్లకి టీవీ యాంటెనాల్లో వాడే బేలన్ ముక్కలు! పైగా వినడానికీ పంపడానికీ వేర్వేరు భాగాలు లేకుండా అదే సర్క్యూట్‌ని అటూఇటూ పనిచేయించాడు. దాంతో ఖర్చు తగ్గింది. ఆ నమూనాని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఎన్నో దేశాల్లో అభిమానులు దాన్ని చూసి సొంతంగా సెట్లు తయారుచేసుకున్నారు.

2016లో దానికో తమ్ముడొచ్చాడు, ‘బిట్‌ఎక్స్40’. దాదాపు సిద్ధంచేసిన బోర్డుల రూపంలో అమ్మిన ఆ సెట్ల తీగచుట్టలు చుట్టిందీ, వాటిని పరీక్షించిందీ హైదరాబాద్‌లోని మహిళల బృందమే.

తక్కువశక్తి మహిమ చూపిన ఘనత మన శ్రీహరికోటకీ ఉంది. 2005 మే 5న అక్కడినుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ6 హామ్‌ల కోసం ‘హామ్‌శాట్’ అనే బుల్లి ఉపగ్రహాన్నీ మోసుకెళ్లింది. 2014 దాకా సేవలందించిన ఆ ఉపగ్రహం కిందికి పంపింది సుమారు ఒక్క వాటు!

శత్రువు ఇంట్లోనే...

ఇంతకీ ఐదు వాట్లవాడికి అసలు ఇబ్బంది దూరం కాదు. ఇల్లు! చవకరకం ఎల్‌ఈడీ దీపాలు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు... ఇవన్నీ మన చెవికి వినపడని రేడియో చప్పుడు చేస్తుంటాయి. నిశ్శబ్దంగా ఉండే చోట అందే సన్నటి ఈల ఆ రొదలో మునిగిపోతుంది. మనం పంపింది అవతలివాళ్లకి అందాలన్నా వాళ్లింట్లో రొద ఉండకూడదు.

దొంగని పట్టుకోవడానికి హామ్‌లకో ఉపాయముంది. రేడియోని బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ స్విచ్ కట్టేస్తారు. రొద ఆగితే దొంగ ఇంట్లో ఉన్నట్టే. తర్వాత ఒక్కో స్విచ్చే వేస్తూ వింటారు. ఈలోగా ‘ఏమండీ, సీరియల్ అయిపోతోంది’ అని ఇల్లాలూ, ‘నాన్నా, నా హోంవర్కు’ అని పిల్లలూ. చివరికి దొరికే దొంగ ఏ పండక్కో ముచ్చటపడి కొన్న రంగుల దీపాల దండ కావచ్చు. చార్జరైతే దాని తీగని ఫెరైట్ వలయానికి నాలుగు చుట్లు చుడితే కొంత నయం. మెయిన్ కట్టేసినా రొద ఆగలేదనుకోండి, అది పక్కింటిది. అప్పుడు కావాల్సింది ఇంజినీరింగు కాదు, మంచితనం!

అపార్ట్‌మెంటువాళ్లకి ఇంకో చిక్కు, డాబా మీద తీగ. ఏడు మెగాహెర్ట్జ్‌లకి సుమారు 20 మీటర్ల తీగ కావాలి. మధ్యలో ఓ ప్లాస్టిక్ గొట్టంతో పైకెత్తి, రెండు కొసల్నీ పిట్టగోడల వైపు దించి కడతారు. బట్టలారేసే తీగకన్నా సన్నగానే ఉంటుంది. అయినా ‘అది ఏమిటి, ఎందుకు’ అని అడిగే పొరుగువాళ్లకి విసుక్కోకుండా చెప్పాలి. ఓసారి హెడ్‌ఫోన్లు వాళ్ల చెవికి తగిలిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఆటే అయినా...

చేతిలో సెల్‌ఫోను ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్నకి 2004 డిసెంబరు 26 ఓ జవాబు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అప్పటికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఏళ్లతరబడి హామ్‌ల గొంతు వినపడని అండమాన్ నుంచి పలకాలన్నది వాళ్ల సరదా. ఆ ఉదయం సునామీ వచ్చింది. సమాచార వ్యవస్థ దెబ్బతింది. సరదాకి తెచ్చిన రేడియోలే అక్కడి కబుర్లని బయటికి చేరవేశాయి.

అదేమీ ఐదు వాట్ల సాహసం కాదు. కానీ అలాంటి రోజున కరెంటు ఉండదు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వాసులకి ఆ చీకటి రాత్రులు గుర్తే. కంప్యూటరు యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల బ్యాటరీ చిన్న సెట్టుని గంటలతరబడి నడుపుతుంది. అంతకన్నా ముఖ్యం, హోరులోంచి బలహీనమైన గొంతుని ఏరుకునే చెవి. అది బజార్లో దొరకదు. ఏళ్లతరబడి తెల్లవారుజాముల్లో కూర్చుంటేనే వస్తుంది.

మీరూ మొదలుపెట్టాలంటే...

* ముందు వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం రిసీవరుని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తిప్పి వినొచ్చు.

* ప్రసారానికి లైసెన్సు తప్పనిసరి. ఐదు వాట్లయినా, అర వాటయినా సరే. కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి ఇస్తుంది. పన్నెండేళ్లు నిండితే చాలు. మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ రానక్కర్లేదు.

* వ్యాపారం మాట్లాడకూడదు. పాటలు ప్రసారం చేయకూడదు.

* తీగ కట్టేటప్పుడు కరెంటు తీగలకి ఎంతో దూరంగా ఉండాలి. ఉరుములు మొదలవకముందే యాంటెనాని సెట్టు నుంచి తీసేయాలి.

* మర్యాదలూ నేర్చుకోవాలి. మగవాళ్లెవరైనా ‘ఓల్డ్ మ్యాన్’. పదహారేళ్ల కుర్రాడైనా అంతే! ఆడవాళ్లు మాత్రం ఎనభై ఏళ్లొచ్చినా ‘యంగ్ లేడీ’లే. సెలవు తీసుకునేటప్పుడు ‘73’ అంటే చాలు. శుభాకాంక్షలని అర్థం.

ఆనక కొన్నాళ్లకి పోస్టులో ఓ కార్డు రావచ్చు. దాని మీద ఎక్కడో దూరదేశపు ఊరి పేరు, మీరు పలకరించుకున్న తేదీ, సమయం, ‘మీ ఐదు వాట్లు మాకు వినిపించాయి’ అని చేత్తో రాసిన ఓ ముక్క. హామ్‌ల ఇళ్లలో గోడల మీద అంటించి కనిపించేవి అవే. ఇంటికొచ్చిన చుట్టాలకి ముందుగా చూపించేదీ వాటినే!