అమ్ముకున్నవాడు, అమ్ముడుపోయినవాడు

1973 ఆగస్టు 11. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ ప్రాంతం, సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు భవనం. బడులు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి కొత్త బట్టలు కొనుక్కోవాలని ఉంది, చేతిలో డబ్బు చాలదు. తాము ఉంటున్న భవనంలోనే కింది హాలు తీసుకుని పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. పాటలు వేసే పని అన్న క్లైవ్‌కు అప్పజెప్పింది. జమైకా నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆ పేటలో క్లైవ్‌ను డీజే కూల్ హెర్క్ అంటారు. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాల కోసమే కుర్రాళ్లు కాచుకుని ఉంటారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు కాపీలు రెండు తెచ్చి, రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఆ ముక్కనే తిప్పి తిప్పి వేసే పద్ధతి అతనిదే. హిప్‌హాప్ పుట్టినరోజు ఎప్పుడంటే ప్రపంచమంతా ఈ తేదీనే చెబుతుంది.

ర్యాప్ గురించి వాదించుకునేవాళ్లు ఆ టికెట్టు సంగతి మరిచిపోతుంటారు. కళ మొదట స్వచ్ఛంగా ఉండేదనీ, డబ్బు ఎప్పుడో బయటినుంచి వచ్చి దాన్ని చెడగొట్టిందనీ అంటారు. ఆ రాత్రి హాల్లోకి మొదటి కుర్రాడు అడుగుపెట్టకముందే గుమ్మం దగ్గర చిల్లర లెక్కపెట్టారు. అందువల్ల పాటకు వచ్చిన లోటేమీ లేదు.

ఈ గొడవను తేల్చడానికి తెలుగులో రెండు మంచి మాటలున్నాయి. అమ్ముకోవడం ఒకటి, అమ్ముడుపోవడం మరొకటి. రైతు వడ్లు అమ్ముకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఫలానావాడు అమ్ముడుపోయాడంటే మాత్రం ఆ మనిషే సరుకయ్యాడని అర్థం. నేతగాడు చీర అమ్ముకుంటే ఇల్లు గడుస్తుంది. మగ్గం అమ్ముకుంటే మర్నాటి నుంచి కూలికి పోవాలి. రాక్, ర్యాప్ అభిమానులు అరవై ఏళ్లుగా చేస్తున్న తగాదాలో చీర ఏదో మగ్గం ఏదో ఎవరూ విడదీసి చూడటం లేదు. డబ్బు ముట్టిందా లేదా అన్నదొక్కటే అడుగుతున్నారు.

మొదటి పెద్ద నింద పడింది బాబ్ డిలన్ మీద. 1966 మే 17న ఇంగ్లండులోని మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో అతను ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడుతుంటే, జనంలోంచి ఒకరు 'జూడాస్' అని అరిచారు. ముప్పై వెండి నాణేలకు ఏసును పట్టించిన శిష్యుడి పేరు అది, తెలుగు బైబిల్లోని ఇస్కరియోతు యూదా. డిలన్ చేసిన ద్రోహమల్లా గిటార్‌కు కరెంటు తగిలించడం. జానపద బాణీ వదిలి పాప్ డబ్బు వెంట పడ్డాడని ఆ అభిమానుల బాధ. వాళ్ల బాధ నిజమే, తీర్పు తప్పు. డిలన్ పాట రూటు మార్చాడు, వాళ్లు దాన్ని బేరం అనుకున్నారు. 2016లో నోబెల్ సాహిత్య బహుమతి వచ్చినప్పుడు ఆ కరెంటు పాటలు కూడా లెక్కలోకి వచ్చాయి. 2020 డిసెంబరులో 600కు పైగా పాటల హక్కులను యూనివర్సల్ సంస్థకు అమ్మేశాడు, 30 కోట్ల డాలర్ల పైమాటేనని పత్రికలు రాశాయి. ఈసారి ఎవరూ జూడాస్ అనలేదు. అనక్కర్లేదు కూడా. పాటలు తనవి, బేరం తనది, అప్పటికి వయసు 79.

అసలు లెక్కలు చూడాలంటే 1990ల తొలి సంవత్సరాల్లోకి వెళ్లాలి. సియాటిల్‌లోని సబ్ పాప్ అనే చిన్న కంపెనీకి నిర్వాణా బ్యాండ్ చేసిన మొదటి ఆల్బమ్ 'బ్లీచ్', 1989లో వచ్చింది. రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. రెండేళ్లకు గెఫెన్ అనే పెద్ద కంపెనీలో చేరి 'నెవర్‌మైండ్' తెచ్చారు. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ను పక్కకు నెట్టి బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆ విజయం బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్‌ను సంతోషపెట్టలేదు, సిగ్గుపెట్టింది. 'రోలింగ్ స్టోన్' పత్రిక ముఖచిత్రానికి, కార్పొరేట్ పత్రికలను తిట్టే రాతలున్న చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

తర్వాతి ఆల్బమ్ 'ఇన్ యూటెరో' గరుకుగా ఉండాలని స్టీవ్ ఆల్బినీ దగ్గరకు వెళ్లారు. పాటలు రికార్డు చేసే ఇంజనీరు అతను. అమ్మకాల మీద వాటా తీసుకోవడమంటే బ్యాండు సొమ్ము తినడమేనని అతని నమ్మకం. కుళాయి బాగుచేసే ప్లంబరుకు ఇచ్చినట్టే తనకూ పనికి కూలి ఇస్తే చాలని ఉత్తరం రాశాడు. లక్ష డాలర్లు తీసుకున్నాడు, రాయల్టీ అక్కర్లేదన్నాడు. ఆ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడవుతుందని తెలిసే అన్నాడు.

1993లో ఆల్బినీ 'ది బ్యాఫ్లర్' పత్రికకు ఒక వ్యాసం రాశాడు. సంగీతంలో చేయాలనుకునే పిల్లలకు ఈ రోజుకీ చదివి వినిపించాల్సిన వ్యాసం. అందులో నలుగురి బ్యాండ్ ఒకటి ఊహించుకున్నాడు. పెద్ద కంపెనీ రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్స్ ఇస్తుంది. కుర్రాళ్లు ఎగిరి గంతేస్తారు. ఇక అక్కడినుంచి కిరాణా కొట్టు చిట్టాలాగా పద్దులు రాసుకుంటూ పోయాడు. మేనేజరు వాటా, లాయరు ఫీజు, స్టూడియో అద్దె, నిర్మాత, వీడియో ఖర్చు, టూరు బస్సు, కొత్త డ్రమ్ములు, ఆఖరికి స్నేహితులకు ఇచ్చిన విందు ఖర్చు 500 డాలర్లు కూడా. ఆల్బమ్ కాపీలు రెండున్నర లక్షలు పోతాయి, అంటే గొప్ప హిట్టు. చివరి వరుసలో కంపెనీ లాభం 7 లక్షల 10 వేల డాలర్లు. బ్యాండ్‌లో ఒక్కొక్కరికి మిగిలింది 4,031 డాలర్ల 25 సెంట్లు. సెవెన్ ఎలెవెన్ దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబడి ఉంటే వచ్చే జీతంలో మూడో వంతు. అది చాలక రాయల్టీ ఖాతాలో కంపెనీకి ఇంకా 14 వేల డాలర్లు బాకీ.

ఆ నలుగురినీ వీధిలో జనం అమ్ముడుపోయారంటారు. వాళ్ల చేతికి వచ్చిందేమిటో చూస్తే ఆ మాట అనడానికి నోరు రాదు. పాటను పట్టుకెళ్లినవాడు ఆఫీసు గదిలో ఉన్నాడు, అతని పేరు అభిమానికి తెలియదు. తెలిసిన పేరు గాయకుడిది కాబట్టి తిట్టు గాయకుడికే దక్కుతుంది. ఈ వాదనలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదే.

కొబేన్ కథలో ఇంకో ముడి ఉంది. 'ఇన్ యూటెరో' ఆల్బమ్ అట్టమీద ఒక పాట పేరు, వెనకవైపు బొమ్మ బాగాలేవని వాల్‌మార్ట్, కేమార్ట్ దుకాణాలు సరుకు పెట్టుకోలేదు. కొబేన్ పేరు మార్చడానికి, బొమ్మ మార్చడానికి ఒప్పుకున్నాడు. లొంగిపోయాడని కొందరు ముఖం తిప్పుకున్నారు. అతను పెరిగింది అబర్డీన్ అనే కలప మిల్లుల ఊళ్లో. చిన్నప్పుడు తనకు రికార్డులు దొరికే చోటు అలాంటి దుకాణమేననీ, అక్కడి పిల్లలకు ఇది అందాలనీ అతను చెప్పినట్టు మేనేజరు డానీ గోల్డ్‌బర్గ్ తర్వాత చెప్పాడు. రాజీయే అది. ఎవరికోసం రాజీపడ్డాడో తెలిశాక మాత్రం తిట్టడం కష్టం.

రాజీ లేకుండా నిలబడినవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ ఏళ్ల తరబడి అయిదు డాలర్ల టికెట్టుకే కచేరీలు చేసింది, పెద్ద కంపెనీల వైపు చూడలేదు. వాళ్లకు నమస్కారం పెట్టాల్సిందే. అయితే డిస్కార్డ్ అనే రికార్డు కంపెనీ ఆ బ్యాండ్ గాయకుడు ఇయాన్ మెకాయ్ స్నేహితుడితో కలిసి పెట్టుకున్నదేనన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మగ్గం వాళ్లింట్లోనే ఉంది.

ర్యాప్ వాళ్లకు డబ్బంటే ఈ సిగ్గు లేదు. ఆకలి తెలిసిన వీధుల్లో పుట్టిన పాట అది. సంపాదన అక్కడ పరువు. 1986లో రన్ డీఎంసీ బృందం న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తమ అడిడాస్ బూట్ల పాట మొదలుపెట్టబోతూ, మీ బూట్లు పైకెత్తండని జనాన్ని అడిగింది. వేల చేతులు లేచాయి, ప్రతి చేతిలోనూ మూడు చారల తెల్లబూటు. ఆ జనంలో అడిడాస్ కంపెనీ మనిషి ఒకరు నిలబడి చూస్తున్నారు. లక్షల డాలర్ల ఒప్పందం అలా కుదిరింది. ఇందులో వరస ముఖ్యం. లేసులు తీసేసి ఆ బూట్లు తొడిగింది ముందు, పాట కట్టింది తర్వాత, డబ్బు వచ్చింది ఆఖరున.

ఎంసీ హ్యామర్ మీద పడ్డ వెక్కిరింపు వేరే రకం. 1990లో అతని ఆల్బమ్ అమెరికాలో 21 వారాలు మొదటి స్థానంలో ఉంది, కోటి కాపీలు దాటింది. పెప్సీ ప్రకటన, వేయించిన కోడిమాంసం ప్రకటన చేశాడు. తోటి ర్యాపర్లు పాటల్లోనే ఎగతాళి చేశారు. అతని ర్యాప్ పలచనిదే, అందులో దాచాల్సిందేమీ లేదు. వేదిక మీద అతని ఆట, అంతమందిని ఒక్క తాళంలో నడిపించిన తీరు మాత్రం అరుదైన ప్రతిభ. ప్రాసలు బాగాలేవని చెప్పాల్సిన చోట ప్రకటనలు చేశాడని తిట్టారు. పాటలో తప్పు పట్టాలంటే వినాలి కదా, బ్యాంకు ఖాతాలో తప్పు పట్టడానికి ఆ శ్రమ ఉండదు. 1996లో హ్యామర్ దివాలా తీశాడు. ఏ ప్రకటనలు చేశాడని అతన్ని వెక్కిరించారో, అలాంటివే తర్వాత చాలామంది ర్యాపర్లు చేశారు.

ఏ ప్రకటనైనా ఒకటేనని దీనర్థం కాదు. సెయింట్ ఐడ్స్ అనే ఘాటు బీరును నల్లజాతి పేటల్లో చవగ్గా, పెద్ద సీసాల్లో అమ్మేవారు. పేరున్న ర్యాపర్లు దానికి ప్రకటనలు పాడారు. పబ్లిక్ ఎనిమీ గాయకుడు చక్ డీ గొంతును అడక్కుండా అందులో వాడేసరికి అతను 1991లో దావా వేశాడు. తన జనం ఆ సీసాల వల్ల ఎలా పాడవుతున్నారో అదే ఏడాది పాట కూడా కట్టాడు. తనను నమ్మిన పేదలకే విషం అమ్మిపెట్టినవాడిని అమ్ముడుపోయాడనకుండా ఉండలేం. ఆ మాట సరిగ్గా అతికే చోటు ఇది.

మరి ప్రతిభను కావాలని తగ్గించుకుంటే? ర్యాపర్ జే జీ 2003 నాటి 'ది బ్లాక్ ఆల్బమ్'లో ఆ సంగతి తానే ఒప్పుకున్నాడు. అమ్మకాల కోసం తేలిక మాటలు వాడానని, మనసు కోరింది కామన్, టాలిబ్ క్వేలీల లాంటి పాట అని. ఏ కంపెనీ చేర్చుకోకపోతే స్నేహితులతో కలిసి సొంత కంపెనీ పెట్టుకుని, కారు డిక్కీలోంచి సీడీలు అమ్మినవాడు అతను. నిజాయితీకి మెచ్చుకోవచ్చు. కానీ ఆ ఒప్పుకోలులో ఒక నష్టం ఉంది. అతను రాయకుండా వదిలేసిన పాటలు ఏ లెక్కలోనూ కనిపించవు.

లాస్ ఏంజిలెస్ ర్యాపర్ నిప్సీ హసిల్ ఇంకో దారి చూపాడు. 2013లో 'క్రెన్‌షా' అనే ఆల్బమ్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టి, వెయ్యి కాపీలు మాత్రం అచ్చువేసి ఒక్కోటి 100 డాలర్లన్నాడు. ఊరికే దొరికేదానికి వంద ఎవరిస్తారని నవ్వారు. అన్నీ అయిపోయాయి, జే జీ ఒక్కడే వంద కొన్నాడు. 2018లో పెద్ద కంపెనీ అట్లాంటిక్‌తో చేయి కలిపాడు, భాగస్వామిగా. మాస్టర్ రికార్డింగుల హక్కు చేజార్చుకోలేదు. తాను పెరిగిన వీధిలో బట్టల కొట్టు పెట్టాడు. 2019 మార్చి 31న ఆ కొట్టు ముందే హత్యకు గురయ్యాడు.

2024లో కెండ్రిక్ లమార్, డ్రేక్ పాటలతో తిట్టుకున్నప్పుడు ఎవరు నిజమైన ర్యాపర్, ఎవరు బజారు సరుకు అని హైదరాబాద్ హాస్టళ్ల దాకా కొట్టుకున్నారు. ఆ పాటల గొడవ మీద డ్రేక్ వేసిన దావా 2025లో కోర్టుకెక్కాక చాలామందికి కొత్తగా తెలిసిందేమిటంటే, ఇద్దరి పాటలూ ఒకే యూనివర్సల్ సంస్థ గొడుగు కింద ఉన్నాయి. న్యాయస్థానం ఆ దావా కొట్టేసింది. ఇటువాడు గెలిచినా అటువాడు గెలిచినా ఆదాయం ఆ గొడుగు కిందికే. 2018లో పులిట్జర్ అందుకున్న కెండ్రిక్, 2025 ఫిబ్రవరి 9న సూపర్ బౌల్ విరామంలో 13 కోట్లకు పైగా జనం ముందు పాడాడు, అదీ ఒక ఫోన్ల కంపెనీ సంగీత విభాగం పేరున్న వేదిక మీద. అతని పాటకు పదును తగ్గలేదు, కాబట్టి నింద నిలవదు.

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న 2017 మార్చిలో సూటిగా తగిలింది. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని. బాలు చట్టాన్ని గౌరవించి ఆ పాటలు పక్కన పెట్టారు. తెలుగిళ్లలో మనసులు నొచ్చుకున్నాయి; ఇళయరాజాకు డబ్బాశ అన్నారు. బాలు మీద ప్రేమతో అన్న మాటే అయినా, పాట ఎవరిదన్న ప్రశ్న అడగడం తప్పెలా అవుతుంది? సినిమా పాట రాసినవాడికి, కట్టినవాడికి ఒకసారి చేతిలో పెట్టి పంపేయడమే మన దగ్గర ఆనవాయితీ. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, రచయిత, స్వరకర్తల రాయల్టీ వాటాను వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ రాసివ్వడానికి వీల్లేకుండా చేసేదాకా అంతే. ఇప్పుడు తెలుగులో ర్యాప్ కడుతున్న కుర్రాళ్లు సంతకం పెట్టేముందు చదవాల్సిన కాగితం అది.

కూల్ హెర్క్ 2011 జనవరిలో ఆస్పత్రి పాలయ్యాడు. మూత్రపిండాల్లో రాళ్లు, ఆపరేషన్ కావాలి. ఆరోగ్య బీమా లేదు. ఆయనకు సాయం కావాలన్న సంగతి డీజే ప్రీమియర్ రేడియోలో చెప్పాడు, అభిమానులు చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. అప్పటికి హెర్క్ వయసు 55. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఆయన తిప్పిన ముక్క మీద ఒక పరిశ్రమే నిలబడింది. పద్ధతికి కాపీరైట్ ఉండదు, ఆయనకు అందులోంచి రావాల్సిందంటూ ఏ కాగితం మీదా రాసిలేదు.