ఉపకార వేతనం అప్పుగా మారిన చోట

పీజీ ప్రవేశాల గడువు దగ్గరపడే రోజుల్లో, చేతిలో సీటు కేటాయింపు పత్రంతో కొందరు విద్యార్థులు ఏటా మా విభాగానికి వస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వారి దగ్గర ఉండవు. అవి డిగ్రీ చదివిన ప్రైవేటు కళాశాల బీరువాలో ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి కట్టి తీసుకుపొమ్మని యాజమాన్యం చెబుతుంది. బకాయి పడింది ప్రభుత్వం. కట్టవలసింది విద్యార్థి. ఉన్నత విద్యలో కులం నేడు ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవడానికి ఈ తారుమారు ఒక్కటి చాలు.

కొంతకాలం క్రితం తాండూరు ప్రాంతం నుంచి ఒక దళిత విద్యార్థిని ఇలాగే వచ్చింది. తండ్రి నాపరాయి గనిలో, తల్లి పాలిషింగ్ యూనిట్‌లో కూలీలు. రెండేళ్ళ ఫీజు కడితే తప్ప టీసీ, మెమోలు ఇవ్వలేమని ఆమె చదివిన కళాశాల తేల్చిచెప్పింది. తండ్రి గని యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకొని కట్టాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మరో గనికి పోయే స్వేచ్ఛ ఆయనకు లేదు. ప్రభుత్వ సొమ్ము వచ్చాక వాపసు ఇస్తామన్నారే గాని రశీదు ఇవ్వలేదు. కూతురిని గనికి దూరం చేయవలసిన పథకం తండ్రిని గనికి కట్టివేసింది.

నేనూ 1990లలో వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి, స్కాలర్‌షిప్ మీద చదువుకున్నవాణ్ణే. అప్పుడది రంగారెడ్డి జిల్లా. స్కాలర్‌షిప్ ఆనాడూ ఆలస్యంగానే వచ్చేది. మెస్సులో కూర పలచబడేది, పుస్తకాలు అరువు తెచ్చుకునేవాళ్ళం. కానీ నా సర్టిఫికెట్లను ఎవరూ తాకట్టు పెట్టుకోలేదు. నా తరానికి జాప్యం అంటే అర్ధాకలి. ఈ తరానికి జాప్యం అంటే రుణం. ప్రభుత్వ కళాశాలలను బలోపేతం చేయకుండా ప్రైవేటు సీట్లకు ఫీజు చెల్లించే మార్గాన్ని ఎంచుకున్న ఫలితమే ఈ తేడా.

ఉమ్మడి రాష్ట్రంలో 2008-09లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వేలాది కుటుంబాల్లో తొలి పట్టభద్రులను సృష్టించింది. ఆ మేలును కాదనలేం. అయితే అందులో పగుళ్ళు కూడా కులం వెంటే సాగాయి. ఇంజనీరింగ్‌లో పదివేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి ప్రభుత్వం చెల్లించే ఫీజును 35,000 రూపాయలకు పరిమితం చేశారు. మిగతాది కుటుంబం మీద పడింది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్ర, రాష్ట్ర వాటాలను 60:40గా నిర్ణయిస్తూ 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. కేంద్ర వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలన్నది ఉద్దేశం. పారదర్శకతకు అది మంచిదే. కానీ రెండు వాటాలు రెండు వేళల్లో వస్తే, ఆ నడుమ కళాశాలకు జవాబు చెప్పుకోవలసిన బాకీదారు విద్యార్థే అవుతాడు.

ఇతర దేశాల్లో విద్యార్థులు ప్రభుత్వ సాయాన్ని తిరిగి చెల్లించరా అని అడగవచ్చు. చెల్లిస్తారు. జర్మనీలో బాఫోగ్ చట్టం కింద విశ్వవిద్యాలయ విద్యార్థికి అందే సాయంలో సాధారణంగా సగం గ్రాంటు, సగం వడ్డీ లేని రుణం. రుణభాగం ఎంత పెరిగినా 10,010 యూరోలకు మించి తిరిగి కట్టనక్కరలేదు. గుర్తింపు పొందిన శరణార్థి విద్యార్థులకూ అది వర్తిస్తుంది. అక్కడ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన యువకుడికి సైతం తన బాకీ ఎంతో, ఎప్పుడు తీర్చాలో ముందే తెలుసు. ఇక్కడ కాగితం మీద గ్రాంటు, ఆచరణలో గడువూ పరిమితీ లేని రుణం. సొంత గడ్డ మీది దళిత విద్యార్థికి ఆ స్పష్టత కూడా లేదు.

సొంత గడ్డ అన్న మాట కూడా ఇక్కడ అంత తేలిక కాదు. తాండూరు, కొడంగల్ ప్రాంతాల నుంచి ముంబయి, పుణె నగరాలకు కూలీల వలస దశాబ్దాల నాటిది. ప్రవేశాల్లో స్థానికతను 371డి అధికరణం కింద వచ్చిన 1974 ఉత్తర్వులు ప్రధానంగా వరుస నాలుగేళ్ళ చదువుతో కొలుస్తాయి. తల్లిదండ్రుల వెంట వెళ్ళి పుణె బడిలో చదివిన పిల్లవాడు తాను ఈ ఊరివాడినేనని రుజువు చేసుకోవాలి. 2014లో ఫాస్ట్ పథకం పేరిట ఫీజు సాయాన్ని 1956 నవంబరు 1 నాటి స్థానికతతో ముడిపెట్టినప్పుడు, అది హైకోర్టులో ప్రశ్నకు గురైంది. తరువాత ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది. తాత ముత్తాతల కాగితాలు ఎవరి ఇంట భద్రంగా ఉంటాయో, ఎవరి ఇంట ఉండవో వేరే చెప్పనక్కరలేదు.

అంబేడ్కర్ జీవితంలోనూ ఈ అనుభవం ఉంది. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ప్రతిగా పదేళ్ళు సంస్థానంలో కొలువు చేయాలన్నది ఒప్పందం. 1917లో కొలువుకు వెళ్తే బరోడాలో ఉండటానికి చోటు దొరకలేదు. పార్శీ సత్రంలో మారుపేరుతో తలదాచుకున్న ఆయనను పదకొండో రోజున కర్రలతో వచ్చినవారు వెళ్ళగొట్టారు. ఒప్పందాన్ని పాటించనివ్వనిది కులం. అయినా ఉపకార వేతనం సొమ్ము తిరిగి కట్టమని సంస్థానం అడిగింది అంబేడ్కర్‌నే. ఆ అనుభవాల రచనకు ఆయన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని పేరు పెట్టారు. పుట్టిన దేశంలోనే ప్రవేశానుమతి కోసం నిరీక్షించే మనిషి కథ అది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, ఆయన వైస్రాయి మండలి సభ్యుడిగా ఉన్న కాలంలోనే మొదలైంది.

యాజమాన్యాల ఇబ్బందిని నేను కొట్టివేయడం లేదు. జీతాలు ఇవ్వలేకపోతున్నామంటూ 2025 నవంబరులో కళాశాలల బంద్ దాకా వెళ్ళారు. వారికి బంద్ ఉంది, ప్రభుత్వంతో చర్చలున్నాయి. గని కూలీకి ఉన్నది అడ్వాన్సు ఒక్కటే. పైగా సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది.

కనుక చేయవలసింది స్పష్టం. బకాయి ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్య లెక్కగానే ఉండాలి. సర్టిఫికెట్లు ఆపిన కళాశాలపై చర్య తీసుకోవాలి. విద్యార్థి ముందుగా కట్టిన ప్రతి రూపాయికీ రశీదు ఇవ్వాలి, ప్రభుత్వ సొమ్ము అందగానే అది తిరిగి ఆ కుటుంబానికి చేరాలి. ఏ విద్యార్థి పేరున ఎంత, ఎప్పుడు చెల్లించారో ఆ విద్యార్థికి తెలియజేయాలి. వలస కుటుంబాల పిల్లల స్థానికతను తల్లిదండ్రుల స్వగ్రామం ఆధారంగా గుర్తించాలి. ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధికి 2017లో చట్టమే చేసుకున్న రాష్ట్రానికి ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

ఆ తాండూరు విద్యార్థిని ఇప్పుడు మా తరగతిలో ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమె తండ్రి అడ్వాన్సు ఇంకా తీరలేదు. ఆ బాకీ నిజానికి ఎవరిది?