స్కీరే: కోతలో పుట్టిన తెలివి

‘సైన్సు’ అనే మాటకు మాతృక లాటిన్ భాషలోని ‘స్కియెంతియా’. దానికి మూలం ‘స్కీరే’ అనే క్రియ. ‘తెలిసికొనియుండుట’ అని దాని అర్థం. అయితే ఆ క్రియ ‘కోయుట, చీల్చుట’ అనే అర్థంగల ప్రాచీన ధాతువు నుండి పుట్టినదని భాషావేత్తలలో అధికుల అభిప్రాయం. ఒకదాని నుండి మరొకదానిని వేరుపరచగలుగుటే తెలివి అన్నమాట! చీల్చుట అనే అర్థంగల లాటిన్ ‘స్కిందెరే’, సంస్కృత ‘ఛిద్’ ధాతువు దీనికి దగ్గరి చుట్టాలు. చిక్కుముడిని ‘ఛేదించాడు’ అన్నప్పుడు తెలుగువారు కూడ ఆ కత్తినే పట్టుకుంటున్నారు.

అచ్చతెలుగు ‘తెలియు’ దారి వేరు. ఇది ద్రావిడ పదం. ‘తెలి’ అనగా స్వచ్ఛం, తెలుపు. తమిళంలో ‘తెళి’ అనగా తేటపడుట. మడ్డి అడుగుకు దిగి నీరు తేరినట్లు విషయం తేటపడుటే తెలియుట. కోత, తేట రెండూ ప్రయోగశాలకు అవసరమే.

కాని తెలుగులో సైన్సుకు స్థిరపడిన పేర్లు సంస్కృతం నుండి వచ్చినవి: శాస్త్రం, విజ్ఞానం. శాస్త్రానికి మూలమైన ‘శాస్’ ధాతువుకు శాసించుట, బోధించుట అని అర్థం. శాసనం, శిష్యుడు ఆ ఇంటి మాటలే. విజ్ఞానంలోని ‘జ్ఞా’ ధాతువుకు లాటిన్ ‘నోస్కెరే’, ఇంగ్లీషు ‘నో’ తోబుట్టువులు. ముందున్న ‘వి’ విడదీసి చూచుటను సూచిస్తుంది. స్కీరేలోని కోత విజ్ఞానంలోనే మిగిలి ఉన్నది.

ఇది కేవలం పండితుల కాలక్షేపం కాదు. భౌతికశాస్త్రం, జ్యోతిషశాస్త్రం ఒకే తోకను తగిలించుకొని తిరుగుతున్నంత కాలం రెండింటికీ ఒకటే ప్రమాణమనే భ్రమ తప్పదు. పాణిని వ్యాకరణం కూడ శాస్త్రమే కదా, అందులో విశ్లేషణకు లోటేమి అని అడుగవచ్చు. నిజమే. దోషం ఆ గ్రంథాలది కాదు, నేటి వాడుకలో ఆ పదం మోస్తున్న పెత్తనానిది. ‘శాస్త్రం ఒప్పుకోదు’ అనగానే ఇంట్లో ప్రశ్న ముగిసిపోతుంది. సైన్సులో ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఆ మాట విని, పరాయిదేశపు బడిలో సైన్సు చదివే పిల్లలకు రెండూ ఒకటేనని చెప్పుట అన్యాయం.

పాఠ్యాంశాల పేర్లను ఇప్పుడు మార్చుట సాధ్యం కాదు, అవసరమూ లేదు. పరిశీలించి, కొలిచి, పరీక్షించి, తప్పయితే విడిచిపెట్టే పద్ధతికి మాత్రం విజ్ఞానమనే పేరే తగినది. ‘విజ్ఞానశాస్త్రం’ అనే జంటపదం రెండు పడవల మీద కాళ్ళు పెట్టుట. దానికన్న తెలుగునోట ఎప్పుడో నలిగిన ‘సైన్సు’ నయం.