లెక్కకెక్కని పరుగు



గతమాసమున మేము పెనుకొండలో రైలెక్కి ధర్మవరమునకు పోయితిమి. అచ్చట మావారు కొన్నియేండ్లు ఉపాధ్యాయులుగా నుండిరి. నాడు వారియొద్ద చదువుకొనిన బాలిక యొకతె నేడు కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆమె తల్లి రమ్మని కబురు పెట్టినది. పట్టుచీరలు నేయు కుటుంబమది. మేము వాకిట చెప్పులు విడుచునప్పటికే లోపల మగ్గపు చప్పుడు ఆగిపోయెను. పగటివేళ మగ్గము నిలిచినదనిన, సంగతి చిన్నది కాదని మాకు తోచినది.

సంగతి యిది. ఆ పిల్ల కళాశాలల పోటీలలో హర్డిల్సు పందెమున, అనగా అడ్డుకట్టెలు దాటుచు పరుగెత్తు పందెమున, మొదటిదిగా వచ్చి విశ్వవిద్యాలయపు జట్టునకు ఎన్నికైనది. ఇక అఖిల భారత విశ్వవిద్యాలయముల పోటీకి వేరొక రాష్ట్రమునకు పోవలెను. రానుపోను తొమ్మిది దినములు. తల్లికి పంపవలెననియే యున్నది. తండ్రికి ఔననుటకును కాదనుటకును నోరు రాకున్నది. అదే వారమున హిందూపురమునుండి పెండ్లిచూపులకు వత్తుమని కబురు వచ్చినది. వారు ముందుగనే యొక ప్రశ్న యడిగిరట: "పెండ్లి తరువాత గూడ ఈ పరుగులుండునా?"

జేజి మాత్రము నిర్మొగమాటముగా ననినది: "అయ్యవారమ్మా, చీర నేసిన చీర మిగులును. పరుగెత్తిన ఏమి మిగులును?"

ఈ ప్రశ్నకు మేమప్పుడు బదులు చెప్పలేకపోతిమి. ఆలోచించి చెప్పెదమని సాయంకాలపు బండికి తిరిగివచ్చితిమి. దారిపొడుగునను, ఇంటికి వచ్చిన పిదప పొయ్యియొద్దను తలపోసినదానినే ఈ మాసము మీ ముందుంచుచున్నాము.

మొదట ఈ పందెమెట్టిదో తెలిసికొందము. స్త్రీల హర్డిల్సు దూరము నూరు మీటర్లు. దారిలో పది అడ్డుకట్టెలుండును. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల యెత్తు, అనగా రెండడుగుల తొమ్మిదంగుళములు. ఇంచుమించు మన వంటయింటి గట్టంత. మొదటి కట్టెకు 13 మీటర్లు, కట్టెకును కట్టెకును నడుమ ఎనిమిదిన్నర మీటర్లు, చివరి కట్టెనుండి గమ్యమునకు పదిన్నర మీటర్లు. రెండు కట్టెల నడుమ మూడే యడుగులు వేయవలెను. ఒక్క యడుగు పొట్టిదైనను తరువాతి కట్టె కాలికి తగులును. పడుగులో ఒక్క పోగు తెగిన నేతయంతయు చెడునని ఎరిగినవారికి ఈ లెక్క తెలియనిది కాదు. మా ధర్మవరపు పిల్ల ఇటుకలపై వెదురుకర్రలు పెట్టుకొని దీనిని అభ్యసించినదట.

మన తెలుగునాట ఈ విద్యయందు మిన్నయైనది విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి. ఆమె 1999లో జన్మించెను. తండ్రి సూర్యనారాయణగారు కాపలా యుద్యోగము చేసినవారు. తల్లి కుమారిగారు ఆసుపత్రిలో శుభ్రపరచు పనియు, ఇండ్లలో పనియు చేసినవారు. అట్టి యింటి పిల్ల హైదరాబాదునందును గుంటూరునందును అభ్యసించి, పిదప భువనేశ్వరమున జేమ్సు హిలియరు అను ఆంగ్లేయ శిక్షకునియొద్ద కుదురుకొనెను. ఆమె గెలుపులను పత్రికలన్నియు వ్రాసినవి. మేము చెప్పదలచినది ఆమె గెలిచియు లెక్కకెక్కని పరుగులను గూర్చి.

2020 జనవరిలో కర్ణాటకమునందలి మూడబిదిరెలో అఖిల భారత విశ్వవిద్యాలయముల పోటీ జరిగెను. మా పిల్ల పోవలసినదియు ఈ పోటీకే. అచ్చట జ్యోతి నూరు మీటర్ల హర్డిల్సును 13.03 సెకండ్లలో ముగించెను. అంతకుముందు మన దేశపు రికార్డు 13.38 సెకండ్లు, అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పినది. పదునేడేండ్లకు పైగా నిలిచిన గుర్తును ఒక కళాశాల విద్యార్థిని సెకనులో మూడవవంతునకు మించి దాటిపోయెను. అయినను అది రికార్డుగా చెల్లలేదు. ఏలయన, రికార్డు చెల్లుటకు పరుగు ముగిసిన పిదప క్రీడాకారిణి మందులేవియు తినలేదని పరీక్ష జరుగవలెను. జాతీయ సమాఖ్య పంపిన సాంకేతిక ప్రతినిధి అచ్చట నుండవలెను. ఆనాడు పరీక్షయు లేదు, ప్రతినిధియు లేడు. పరుగెత్తిన పిల్ల యందు దోషమేమియు లేదు. పెద్దలు చేయవలసిన యేర్పాటు జరుగలేదు, నష్టము పిల్లది.

ఇది చదివినప్పుడు మాకు భారతమునందలి శకుంతల జ్ఞప్తికి వచ్చినది. ఆమె చెప్పినది సత్యమే. రాజునకును అది సత్యమని తెలియును. అయినను సాక్ష్యము లేదని నిండుసభలో నిరాకరింపబడినది. ఆకాశవాణి పలికిన పిదప గాని ఆమె మాట చెల్లలేదు. మన పిల్లలందరికిని ఆకాశవాణి పలుకదు గదా! సాక్ష్యమును మనమే సిద్ధపరుపవలెను.

2022 ఏప్రిలులో కోళిక్కోడునందు ఫెడరేషను కప్పు పోటీలలో జ్యోతి మరల 13.09 సెకండ్లలో పరుగెత్తెను. ఈసారి గాలి అడ్డు వచ్చినది. నిజమునకు అడ్డుగాక తోడు వచ్చినది. వెనుకనుండి వీచు గాలి సెకనుకు రెండు మీటర్లు మించినచో కాలము రికార్డునకు చెల్లదు. ఆనాడు గాలి 2.1 మీటర్లు. మీటరులో పదవవంతు! మరియొకతె యైనచో కట్టెలను తన్ని యింటికి పోయియుండును. జ్యోతి మరుసటి నెలయే సైప్రసు ద్వీపమున 13.23 సెకండ్లలో పరుగెత్తి, అన్ని నియమములకును లోబడి రికార్డును తనదిగా చేసికొనెను. లెక్కకెక్కని పరుగులకన్న ఇది నెమ్మదియైనది. కాని వ్రాతలోనికి ఎక్కినది. అదే సంవత్సరము అక్టోబరులో బెంగుళూరునందు 12.82 సెకండ్లు పరుగెత్తి, ఈ పందెమున పదమూడు సెకండ్ల లోపుగా చెల్లుబాటగు కాలము సాధించిన మొదటి భారతీయ స్త్రీ యయ్యెను.

గాలి సోకనిచోట పరుగెత్తరాదా యని మీరడుగవచ్చును. అట్టి పోటీలును గలవు. మంచు కురియు దేశములలో శీతకాలమున పెద్దకప్పు క్రింద పందెములు జరుపుదురు. అచ్చట చుట్టుదారి 200 మీటర్లే. పరుగువారు బయటికి తూలిపోకుండుటకై మలుపులను మూకుటి యంచువలె వెలుపలివైపు ఎత్తుచేయుదురు. హర్డిల్సు దూరము 60 మీటర్లు, కట్టెలు అయిదు. గాలిని కొలువవలసిన పని లేదు. అమెరికాదేశపు కళాశాలల సంఘము ఈ కప్పుక్రింది జాతీయ పోటీని పురుషులకై 1965లో డిట్రాయిటు నగరమున నారంభించెను. స్త్రీలకు అదే సంఘము 1983లో గాని ఆరంభింపలేదు. ప్రభుత్వధనము పొందు విద్యాలయములు ఆడుమగ భేదము చూపరాదని 1972లో చట్టము వచ్చిన పిదప గూడ పదునొకండేండ్లు పట్టినది. అంత సంపన్నదేశముననే ఆడపిల్లకు నీడపట్టున పరుగెత్తుటకు ఇంతకాలము పట్టినదనిన, మనము సిగ్గుపడి కూర్చుండనక్కరలేదు. ఆలస్యము చేయకున్న చాలును.

జ్యోతి కప్పుక్రింది పందెములందును నెగ్గినది. 2023 ఫిబ్రవరిలో ఆస్తానా నగరమున జరిగిన ఆసియా పోటీలలో 60 మీటర్ల హర్డిల్సును 8.13 సెకండ్లలో పరుగెత్తి రజతమును, మరుసటి సంవత్సరము టెహరానులో 8.12 సెకండ్లతో స్వర్ణమును గైకొనెను. 2023 ఆగస్టులో చైనాదేశపు చెంగ్డు నగరమున ప్రపంచ విశ్వవిద్యాలయముల క్రీడలలో 12.78 సెకండ్లు పరుగెత్తి కాంస్యమును పొందెను. ఈమారు విద్యార్థిని పరుగునకు సాక్ష్యమున్నది. జాతీయ రికార్డుగా లెక్కకెక్కినది.

ఆపై రెండు నెలలకు హాంగ్‌ఝౌ నగరమున ఆసియా క్రీడలలో జరిగిన సంగతి ప్రతి తల్లియు తన కుమార్తెకు చెప్పదగినది. పక్కదారిలోని చైనా క్రీడాకారిణి తుపాకి మ్రోగకముందే కదలెను. అధికారులు ఆమెతోపాటు జ్యోతినిగూడ తొలగిపొమ్మనిరి. జ్యోతి తలవంచుకొని తొలగిపోలేదు. తాను ముందుగా కదలలేదని అచ్చటనే నిలిచి వాదించెను. అధికారులు చిత్రములను మరల చూచి, తీర్పును వాయిదావేసి ఇరువురిని పరుగెత్తనిచ్చిరి. పందెము ముగిసిన పిదప ఆ రెండవ యామె అనర్హురాలని తేలగా, మూడవదిగా వచ్చిన జ్యోతికి రజతము దక్కెను. ఎదురుచెప్పుట ఆడుదానికి తగదని మనము నూరిపోసితిమేని, ఆ పతకము ఆమె మెడకు వచ్చియుండునా? 2024లో పారిసు ఒలింపిక్సునందు ఈ పందెమునకు దిగిన మొదటి భారతీయ స్త్రీయు ఆమెయే. అచ్చట తొలిదశలు దాటలేకపోయెను. అయినను ఆ ఓటమియు వ్రాయబడియున్నది. అదియు మిగిలినదే.

ఇక మా తప్పు నొప్పుకొనవలసియున్నది. మా పెద్దమ్మాయి నిరుడు పాఠశాలల పరుగుపందెములలో నెగ్గి జిల్లాపోటీకి ఎన్నికైనది. ఆ దినముననే బంధువులింట గృహప్రవేశము. "పరుగు మరల వచ్చునులే, శుభకార్యము మరల వచ్చునా?" యని మేమే ఆపితిమి. పిల్ల ఎదురాడలేదు. ఆ బూట్లను కాగితమున చుట్టి అటకపై పెట్టినది. ఎదురాడలేదు గనుక బాధ లేదనుకొంటిమి. ధర్మవరమున ఆ పిల్ల నేలచూపులు చూచుచు గోడకానుకొని నిలుచుండగా మా పిల్ల ముఖమే మాకు కానవచ్చినది.

మరునాటి యుదయమున ఫోను చేసి ఆ తల్లితో చెప్పితిమి: "పంపుము. కాని ఊరక పంపకుము." ఊరక పంపకుండుట యెట్లో ఇచ్చటను వ్రాయుచున్నాము; మీలో నెవరికైనను పనికివచ్చును.

జట్టుతో స్త్రీయొకతె పెద్దగా పోవుచున్నదా యని యడిగి, ఆమె ఫోను నంబరు వ్రాసికొనవలెను. పొట్టిదుస్తులను గూర్చి గొడవ వలదు. నాట్లు వేయునప్పుడు చీర పైకి దోపుకొనమా? అది పనికి తగిన కట్టు. నెలసరి దినములు ప్రయాణమున వచ్చునేమో లెక్క చూచుకొని, కావలసినవి సంచిలో పెట్టవలెను. ఆ మాట శిక్షకురాలితో సిగ్గుపడక చెప్పుమనవలెను. రాగిసంకటి, ఉలవలు, ఆకుకూరలు, గుప్పెడు వేరుసెనగలు మన సీమలో ప్రతియింటను దొరకునవే; మగపిల్లల కంచమునకు ముందుగా వడ్డించి మిగిలినది ఆడపిల్లకు పెట్టు ఆచారమును మాత్రము మానవలెను. అన్నిటికంటె ముఖ్యము, కాలము చేతిగడియారముతో చూచిరా, యంత్రముతో చూచిరా యని యడుగవలెను. ఇట్టి పొట్టిపరుగులలో చేతితో చూచిన కాలము రికార్డునకు చెల్లదు. పరుగు వివరముల కాగితమును అడిగి తీసికొని, రేషనుకార్డు దాచుచోటనే దాచవలెను.

ఆ పిల్ల పోయి వచ్చినది. పతకము రాలేదు; తొలి పరుగుననే అయిదవదై నిలిచిపోయినది. అయినను తన మునుపటి కాలముకన్న త్వరగా పరుగెత్తినది. హిందూపురమువారు మరల కబురు పంపలేదు. తండ్రి కొన్నిదినములు దిగులుపడెను. ఆ దిగులు ఉత్తదని మేమనము. ఆడపిల్లను పంపుటకు మూల్యము గలదు, లేదనుట అబద్ధము.

మొన్న మరల ధర్మవరము పోగా, జేజి ఆ కాగితమును చేతబట్టుకొని కూర్చుండియున్నది. చదువు రాదు గనుక మాచేత చదివించుకొనినది. సెకనులో నూరవవంతు వరకు లెక్క యున్నదని చెప్పితిమి.

"దీనిని ఎవరు చూచి వ్రాసినారు?"

"యంత్రము చూచినది, జేజీ. అధికారులు వ్రాసి చేవ్రాలు చేసిరి."

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప ననినది: "చీర మిగులునంటిని గాని, నేను నేసిన చీరలు ఎన్నియో నాకే తెలియదు. ఎవరి యింటనున్నవో తెలియదు. ఒక్కదానిమీదను నా పేరు లేదు."

తరువాత కాగితమును మడిచి, కూలి లెక్కల పుస్తకముండు రేకుపెట్టెలో తానే పెట్టినది. లోపల మగ్గము ఆడుచునే యున్నది.

మేము ఇంటికి వచ్చి అటకపైనున్న బూట్లు దింపితిమి. అవి మా పిల్ల కాలికి చాలలేదు. వచ్చు ఆదివారము కొత్తవి కొనుటకు హిందూపురము పోవుచున్నాము.