శిక్షకుడూ విద్యార్థే

ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట 1852లో పూర్తయింది. నాటినుండి డెల్టా పొలాలకు కాలువనీరు పారుతున్నది. అయినను వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పూడిక తీయక తప్పదు. పూర్వులు తవ్వినది చాలునని ఊరకున్నచో శివారు పొలాలకు నీరందదు. మనిషి నేర్చిన విద్యకు సైతం ఇట్టి పూడిక పడుతుంది. ఇతరులకు నేర్పేవాని విద్యకు పూడిక పడితే నష్టపోయేది శిష్యులే.

క్రీడాకారుల బలాన్ని, వేగాన్ని, ఓర్పును పెంచుతూ వారిని గాయాల బారినుండి కాపాడే శిక్షకుణ్ణి స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్ అంటారు. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1969లో బాయిడ్ ఎప్లీని ఈ పనికి నియమించింది. ఆయన చొరవతో 1978లో ఈ శిక్షకులకు జాతీయ సంఘం ఏర్పడింది. ఆ సంఘమిచ్చే యోగ్యతాపత్రం శాశ్వతం కాదు. శిక్షకులు శిబిరాలకు, సదస్సులకు హాజరై తమ అధ్యయనాన్ని నిరూపించుకోవాలి. లేదా మరల పరీక్ష రాయాలి.

ఈ వినయం తెలుగునాటికి కొత్తది కాదు. కలియుగ భీమునిగా పేరొందిన కోడి రామ్మూర్తినాయుడు మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ విద్యను అభ్యసించిన పిదపనే విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. బలం కలిగి ఉండటం వేరు, బలాన్ని నేర్పడం వేరు.

వ్యాయామం చేసేటప్పుడు నీరు తాగరాదని ఒకనాడు నమ్మేవారు. దాహాన్ని సహించడమే దార్ఢ్యమని భావించేవారు. గోదావరి డెల్టాలో గాలి తేమతో నిండి ఉంటుంది. పట్టిన చెమట త్వరగా ఆరదు; ఆరని చెమట దేహాన్ని చల్లబరచదు. అట్టి చోట ఎండలో నీరివ్వక పరుగెత్తించడం ప్రాణాంతకం కావచ్చు. బరువులెత్తితే పిల్లల ఎదుగుదల ఆగిపోతుందన్నది మరొక అపోహ. అర్హుడైన శిక్షకుని పర్యవేక్షణలో, తగిన బరువుతో, క్రమంగా చేసే వ్యాయామం ఎదుగుదలకు హాని చేయదని పరిశోధనలు తెలిపాయి. ఈ సంగతులు తెలియని శిక్షకుని పొరపాటుకు మూల్యం చెల్లించేది మోకాలు దెబ్బతిన్న బాలుడు, సొమ్మసిల్లిన బాలిక.

ఇరవై ఏళ్ల అనుభవం కలవారికి మళ్లీ తరగతులెందుకని కొందరు ప్రశ్నిస్తారు. అనుభవం విలువైనదే. కాని అది ఒప్పును అలవాటు చేసినట్లే తప్పునూ అలవాటు చేస్తుంది. హాజరు పట్టీలో సంతకం చేసి, ధ్రువపత్రంతో తిరిగివచ్చేవారికి ఏ శిబిరమూ మేలు చేయజాలదు. మరునాడు మైదానంలో ఒక్క పాత అలవాటైనా మారినప్పుడే శిబిరం సఫలమైనట్లు.

అయితే బాధ్యత అంతా శిక్షకునిపై మోపడం న్యాయం కాదు. పటియాలాలో 1961లో జాతీయ క్రీడాసంస్థ వెలసింది. కాకినాడ నుండో భీమవరం నుండో అంతదూరం వెళ్లే శక్తి అందరికీ ఉండదు. కనుక శిబిరాలే డెల్టా పట్టణాలకు తరలిరావాలి. విద్యాసంస్థలు తమ వ్యాయామ అధ్యాపకులకు సెలవును, దారిఖర్చును సమకూర్చాలి.

ఈ నేలలో ప్రతిభకు కొదవలేదు. అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్, తన జోడీ చిరాగ్ శెట్టితో కలిసి 2023లో బాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం పొందాడు. అట్టి ప్రతిభ ఏ పల్లె మైదానంలోనైనా మొలకెత్తవచ్చు. అది గాయపడకుండా ఎదగాలంటే, దానిని పెంచే శిక్షకుడు తాను కూడా నేర్చుకుంటూ ఉండాలి.