చేతులు ఖాళీ, బుర్ర బిజీ

హెల్మెట్‌లో పెట్టుకుని తోటి రైడర్లతో మాట్లాడుకునే బ్లూటూత్ సెట్టు, అంటే ఇంటర్‌కామ్, కొనాలనుకున్నవాడికి మన దగ్గర ఎవరిని అడిగినా ఒకే సలహా దొరుకుతుంది. రేంజ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది, ఎంత ఎక్కువమందిని కలిపితే అంత మంచిది, సౌండ్ ఎంత గట్టిగా వస్తే అంత మంచిది. డబ్బుంటే బండ్లన్నిటినీ వలలా కలిపే మెష్ తీసుకో, లేదంటే చైనా సరుకు చూసుకో. షాపువాడు చెప్పేది ఇదే, యూట్యూబ్ రివ్యూల్లో వినేది ఇదే, ఆదివారం పొద్దున్నే హైవే పక్క టిఫిన్ దగ్గర ఆగిన రైడర్ల గ్యాంగులో నడిచే వాదన కూడా ఇదే. ఈ సలహాకి అడుగున, ఎవరూ పైకి అనకపోయినా, ఒక నమ్మకం ఉంది: ఫోను చేతిలో లేదు కాబట్టి ప్రమాదం లేదు, ఇక మిగిలింది బేరమే.

సలహా తప్పు. దాని అడుగున ఉన్న నమ్మకం ఇంకా పెద్ద తప్పు.

ముందు రేంజ్ సంగతి చూద్దాం. ఖరీదైన సెట్ల పెట్టెల మీద 1.6 కిలోమీటర్లని పెద్దక్షరాల్లో ఉంటుంది. అంటే ఒక మైలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి మైలంటే 96 సెకన్లు. ముందున్నవాడు “గుంత ఉంది, జాగ్రత్త” అన్నాక నువ్వు ఆ గుంత దగ్గరికి చేరడానికి నిమిషంన్నర పడుతుంది. ఈలోగా మన రోడ్ల మీద ఎన్ని గుంతలు వస్తాయో, అతను చెప్పింది వాటిలో ఏదో ఎవరికి తెలుసు? హెచ్చరిక పనికి రావాలంటే అది పది పన్నెండు సెకన్ల ముందు అందాలి. ఆ వేగంలో అది రెండువందల మీటర్లు. ఆ మాత్రం దూరం మామూలు బ్లూటూత్ ఇంటర్‌కామ్ కూడా అడ్డేమీ లేని రోడ్డు మీద అందుకుంటుంది. మిగతా పద్నాలుగు వందల మీటర్లకి మనం కట్టేది అంకె ధర.

ఆ అంకె కూడా నేరుగా చూపు ఆనే మైదానంలో కొలిచింది. ఈ సెట్లన్నీ, బ్లూటూత్ అయినా మెష్ అయినా, దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీదే నడుస్తాయి. లైసెన్సు అక్కర్లేని ఆ తరంగాలు కొండని చీల్చుకుని పోలేవు, లారీ కంటెయినర్ అడ్డం వచ్చినా తడబడతాయి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లోనూ, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లోనూ ఒక వంపు తిరిగితే చాలు, మైలు కాస్తా బారెడవుతుంది. పెట్టె మీద చిన్నక్షరాల్లో ‘పరిస్థితులను బట్టి’ అని రాసి ఉంటుంది. పరిస్థితులంటే మన రోడ్లే.

ఇంత అన్నా, ఇంటర్‌కామ్‌కి న్యాయంగా దక్కాల్సిన గౌరవం కూడా ఆ శ్రీశైలం దారిలోని అడవిలోనే ఉంది. నల్లమలలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. గ్రూప్ కాల్ పెట్టుకుని బయల్దేరినవాళ్లు అక్కడ మూగబోతారు. ఇంటర్‌కామ్‌కి టవర్‌తో పని లేదు, సెట్టుకీ సెట్టుకీ మధ్య నేరుగా నడుస్తుంది. వెనకవాడి టైరు పంక్చరైతే ముందువాడు పది కిలోమీటర్లు పోయి వెతుక్కుంటూ వెనక్కి రానక్కర్లేదు. పెట్రోలు బంకు దగ్గర ఆగుదామా వద్దా అని ఎడమ చెయ్యి ఊపుతూ సైగలు చెయ్యనక్కర్లేదు. నా పేచీ పరికరంతో కాదు, దాన్ని కొలిచే కొలబద్దతో.

అసలు గొడవ ఫోను కాల్‌తో మొదలవుతుంది. ఈ సెట్లు మన పట్నాల్లో అమ్ముడుపోయేది ఘాట్ రోడ్ల కోసం కాదు, ఆఫీసుకి పోతూ కాల్ మాట్లాడుకోవడానికి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, ప్రమాదకరంగా నడపడం గురించిన 184వ సెక్షన్‌లో చేత పట్టుకునే ఫోన్ల వాడకాన్ని చేర్చింది. 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరని విధంగా వాడమంది. మనవాళ్లు ఇందులోంచి చెయ్యి ఒక్కదాన్ని పట్టుకుని ధ్యాసని వదిలేశారు. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి కదా, ఇంక చలానా ఎందుకు, భయం ఎందుకు?

ఎందుకో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ స్ట్రేయర్ ఇరవై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నాడు. 2001లో విలియం జాన్‌స్టన్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లు గమనించకుండా వదిలేసిన సిగ్నళ్లు రెట్టింపయ్యాయి. ఫోను చేతిలో ఉన్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా లేదు. రేడియో వింటున్నవాళ్లకి మాత్రం ఆ నష్టం కనపడలేదు. చిక్కు చెవిలో లేదు, చేతిలోనూ లేదు, అవతలి మనిషికి జవాబు కూర్చుకునే బుర్రలో ఉంది. కన్ను రోడ్డు మీదే ఉంటుంది, కానీ చూసింది లోపలికి ఎక్కదు. ఆ ప్రయోగాలు నాలుగు చక్రాల వాహనం నడిపే తీరు మీద చేసినవే. రెండు చక్రాల మీద ఇసుక, పేడ, తడిసిన తెల్లగీత, ఉన్నట్టుండి ఎదురొచ్చే కుక్క అన్నిటినీ పసిగట్టాల్సింది మన బుర్రే కాబట్టి లెక్క మనకి అనుకూలంగా మారే అవకాశం ఏమీ కనపడదు.

ఇదే బృందం 2008లో ఇంకో సంగతి తేల్చింది. పక్కన కూర్చున్న మనిషితో కబుర్లు ఫోను కబుర్లంత చేటు చెయ్యవు. పక్కనున్నవాడికి కూడా అదే రోడ్డు కనపడుతుంది. అడ్డంగా లారీ వస్తే మాట మింగేస్తాడు, లేదా ఆ లారీ గురించే మాట్లాడతాడు. ఫోన్లో ఉన్న మేనేజరుకి లారీ కనపడదు. “వినపడుతోందా?” అని మళ్లీ అడుగుతాడు. మనం సరిగ్గా ఆ క్షణంలో, బ్రేకు మీద వేళ్లు పెట్టాల్సిన చోట, “ఆఁ సార్, చెప్పండి” అంటాం.

హెల్మెట్ సెట్టు ఎంచుకోవడానికి నాకు తెలిసిన పనికొచ్చే కొలబద్ద ఇదొక్కటే: అవతలి మనిషికి నా రోడ్డు కనపడుతుందా? వెనక కూర్చున్న భార్యకి కనపడుతుంది. “ఏమండీ, స్పీడ్ బ్రేకర్” అన్న ఆమె మాట ఏ నావిగేషన్ గొంతుకన్నా నమ్మదగింది. యాభై మీటర్ల ముందున్న స్నేహితుడికీ కనపడుతుంది. మైలు ముందున్నవాడికి కనపడదు. అతను అప్పుడే తోటి రైడర్ పదవి పోగొట్టుకుని ఫోన్లో మాట్లాడే మనిషైపోయాడు. అంటే రేంజ్ పెరిగేకొద్దీ సెట్టు మంచిదవడం అటుంచి, అది కలిపే సంభాషణ చెడ్డదవుతోంది. మన సలహాదార్లు దీన్నే మొదటి గుణంగా లెక్కిస్తున్నారు.

ఇక్కడ నాకు ఎదురయ్యే జవాబు తెలుసు. ‘పట్నంలో కుర్రాళ్లు ఫోనుని హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఇరికించుకుని, మెడ ఒక పక్కకి వాల్చి నడుపుతున్నారు. డెలివరీ చేసేవాళ్లకి కస్టమర్ ఫోను ఎత్తకపోతే రేటింగ్ పోతుంది. దానికన్నా బ్లూటూత్ నయం కాదా?’ నయమే. మెడ వాల్చి నడపడంకన్నా ఏదైనా నయమే. కానీ దానికన్నా నయమైంది బండి పక్కకి ఆపడం. డెలివరీ కుర్రాడు ఆగలేకపోవడానికి కారణం అతని హెల్మెట్‌లో లేదు, అతని చేత నిమిషాలు లెక్కపెట్టిస్తున్న యాప్‌లో ఉంది. ఆ భారాన్ని ఒక స్పీకరు తీర్చేస్తుందంటే నేను నమ్మను. తీర్చకపోగా, ఆగడానికి మిగిలిన ఆఖరి సాకుని కూడా తీసేస్తుంది.

మెష్ గురించి రెండు మాటలు. పాత పద్ధతి బ్లూటూత్ ఇంటర్‌కామ్‌లో రైడర్లు చేయి చేయి పట్టుకున్న వరసలా ఉంటారు. మధ్యలో ఒకడు సిగ్నల్ దగ్గర ఆగిపోతే వరస తెగి, అటువాళ్లు అటూ ఇటువాళ్లు ఇటూ అవుతారు. మెష్‌లో ఎవరు తప్పుకున్నా మిగిలినవాళ్లు తమంతట తామే మళ్లీ కలుస్తారు. కార్డో కంపెనీ 2015లో ప్యాక్‌టాక్ అనే సెట్టుతో ఇది తెచ్చాక, పోటీ కంపెనీ సేనా కూడా తన మెష్ తెచ్చింది. ఏడెనిమిది బండ్లు కలిసి తిరిగే గ్యాంగుకి ఇది నిజంగా మేలు. కానీ మనలో ఎంతమందిమి ఏడెనిమిది బండ్లతో తిరుగుతాం? ఎక్కువమందికి ఉన్నది వెనక ఒక మనిషి, మహా అయితే పక్కన ఒక బండి. బారెడు దూరంలో కూర్చున్న మనిషితో మాట్లాడటానికి మెష్ అక్కర్లేదు. పైగా ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ మెష్‌తో నేరుగా మాట్లాడదు. వాటిని కలపాలంటే మళ్లీ బ్లూటూత్‌కే దిగాలి, అప్పుడు చాలా సెట్లు అవతలి సెట్టుని ఒక ఫోనులా భ్రమించి కలుపుకుంటాయి. ముప్పై వేలు దాటించి ‘బెస్ట్’ కొన్నవాడు, ఆరు వేల సెట్లున్న నలుగురు స్నేహితుల మధ్య ఒంటరివాడవుతాడు. ఏది కొనాలో రివ్యూని అడిగేముందు స్నేహితులని అడగాలి.

సౌండ్ పిచ్చి మరో రకం. నిండుగా ముఖం కప్పే హెల్మెట్‌లో కూడా గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలి హోరు సుమారు 95 నుంచి 100 డెసిబెల్స్ ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్‌ని ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ గడువు సగమవుతుంది, 100 దగ్గర అది పావుగంట. ఈ హోరుని మించి పాట వినపడాలని వాల్యూమ్ పెంచేవాడు గాలి చేస్తున్న నష్టానికి తన వాటా కలుపుతున్నాడు, లారీ హారన్‌ని కూడా పోగొట్టుకుంటున్నాడు. పెద్ద స్పీకర్లకి పెట్టే డబ్బులో వందో వంతు పెట్టి చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు కొంటే హోరు తగ్గుతుంది, మాట చిన్న వాల్యూమ్‌లోనే తేటగా వినపడుతుంది. ఇది హైవే మీది సంగతి, ఊళ్లో నలభైలో పోయేవాడికి ఈ గొడవే లేదు. ‘సౌండ్ రావట్లేదు’ అని సెట్టు మార్చేవాళ్లలో చాలామందికి కావలసింది కొత్త సెట్టు కాదు. స్పీకరు చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా లేదు, అంతే. సెంటీమీటరు పక్కకి జరిగితే సగం సౌండ్ గాల్లో కలుస్తుంది. దాన్ని దగ్గరికి తేవడానికే పెట్టెలో మెత్తని ప్యాడ్లు ఇస్తారు. వాటిని పారేసి, హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ని కత్తితో తొలిచి స్పీకరు కూర్చోబెట్టే మెకానిక్కులున్నారు. ఆ తొలిచిన థర్మోకోలే పడినప్పుడు తలకి తగిలే దెబ్బని మింగాల్సింది.

కొనుగోలు లెక్క దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్లు 50,029, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనకవాళ్లకి కూడా హెల్మెట్ తప్పనిసరి అంటుంది, 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా ముందు కూర్చున్నవాడి నెత్తి మీద పాతిక వేల సరంజామా, వెనక అమ్మ నెత్తి మీద చీరకొంగు కనపడటం మన రోడ్ల మీద వింత కాదు. ఇంటర్‌కామ్ అనేది రెండు హెల్మెట్లు ఉన్న ఇంటికి మాత్రమే అర్థమయ్యే వస్తువు.

రెండు హెల్మెట్లూ ఉన్నాయి, సెట్టు కావాలి అంటే కొనుక్కోవచ్చు. ముసురు పట్టే మన వానాకాలానికి ఐపీ67 లాంటి నీటి రక్షణ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం ఎండలో నిలబెట్టిన బండి మీద హెల్మెట్ వదిలేసి, పవర్ బ్యాంకుతో చార్జింగ్ పెట్టకూడదు. లిథియం బ్యాటరీలని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చెయ్యవద్దనే తయారీదార్లు చెబుతారు. ముఖం పూర్తిగా కప్పే హెల్మెట్‌కి వైరు మైకు, ముందు తెరిచే హెల్మెట్‌కి కాడ మైకు. ఇవన్నీ దుకాణంలో అడిగితే చెబుతారు. వాళ్లు చెప్పనిది, మనం అడగాల్సింది ఒకటుంది. కొన్ని సెట్లు కాల్ వస్తే మన అనుమతి లేకుండానే కొన్ని సెకన్లలో ఎత్తేస్తాయి. దాన్ని ఆపే వీలుందా? ఉంటే ఆపేసి, ఫోన్లో కాల్స్ మూసి నావిగేషన్ గొంతు ఒక్కటి వచ్చేట్టు పెట్టుకోవాలి. ఆ తర్వాత దుకాణంలోనే హెల్మెట్ పెట్టుకుని, దళసరి గ్లవ్స్ తొడుక్కుని, అద్దంలో చూడకుండా ఒకే నొక్కుతో దాని నోరు మూయించడం కుదురుతుందేమో చూడాలి. రెండో నొక్కు కావాల్సొస్తే ఆ సెట్టు అక్కడే వదిలేసి రావచ్చు, దాని రేంజ్ ఎన్ని మైళ్లున్నా సరే.