టీకా వేసే చెయ్యి మన ఊళ్లోనే ఉండాలి

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్లో సర్పశాంతి యాగం జరిపించారు. జరిపించనీయండి, ఎవరి నమ్మకాన్నీ మేం తప్పుపట్టడం లేదు. కానీ కాటు తిన్నవాళ్ల ప్రాణం నిలిపేది విరుగుడు మందు, దాన్ని ఎక్కించడం తెలిసిన చెయ్యి. ఇప్పుడు ఫ్లూ జ్వరానికీ అలాంటి చేతుల్నే మేం అడుగుతున్నాం.

వానలు పడ్డాక మన పల్లెల్లో ఇంటికొకరు మూలుగుతూ మంచం పడతారు. పడుచువాళ్లకైతే నాలుగు రోజుల జ్వరం. ముసలివాళ్లకు, గర్భిణులకు, ఉబ్బసం, షుగరు ఉన్నవాళ్లకు అది నిమోనియాలోకి దిగి ప్రాణం మీదకు తెస్తుంది. దానికి టీకా ఉంది. వైరస్ రూపు మార్చుకుంటుంది గనుక ఏటా వేయించుకోవాలి. 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమంలో మాత్రం దానికి చోటు లేదు. బందరులోనో బెజవాడలోనో డబ్బు పెట్టి కొనుక్కోవాలి. నాట్ల కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని, ఇంకా రాని జ్వరానికి సూది వేయించుకోవడానికి ఏ కూలిమనిషి వెళుతుంది?

ఊళ్లో ఎవరు వేస్తారంటారా? 2019లో గ్రామ సచివాలయాలకు ఏఎన్ఎంలను తీసుకున్నారు. 2021 జూన్ 20న ఒక్కరోజే రాష్ట్రంలో 13 లక్షలకు పైగా కోవిడ్ టీకాలు వేశారు. ఏఎన్ఎంల చేతులు లేకుండానే అది జరిగిందా? బ్రిటన్‌లో నర్సు కాని హెల్త్‌కేర్ అసిస్టెంట్లు కూడా ఫ్లూ టీకా వేస్తున్నారు. అయితే ఊరికే సిరంజి చేతికిచ్చి పంపలేదు, తర్ఫీదిచ్చారు, పైన బాధ్యత వహించేవాళ్లను పెట్టారు.

నిజానికి సూది గుచ్చడం తొందరగానే పట్టుబడుతుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడటం, గడ్డకట్టిందాన్ని పక్కన పడేయటం, ఎవరికి వేయకూడదో అడిగి తెలుసుకోవటం, వేశాక కాసేపు కూర్చోబెట్టి చూడటం, ఎవరికైనా ఊపిరాడకపోతే తడబడకుండా అడ్రినలిన్ ఇవ్వటం, ఇదీ అసలు విద్య. ఏటా ఒకసారి నెమరువేయిస్తేనే అది నిలుస్తుంది. ఆశా కార్యకర్తలను సూది వేయమని మేం అనటం లేదు. ఏ ఇంట్లో ఎవరికి అవసరమో జాబితా రాయటంలో వాళ్లను మించినవాళ్లు లేరు.

మరి తర్ఫీదు ఎక్కడ? 1972లో ముల్కీ తీర్పు వచ్చాక విద్యార్థులు, ఎన్జీవోలు జై ఆంధ్ర అంటూ రోడ్డెక్కారు. ఆ మాట వినలేదు. మరో నలభై ఏళ్లు అన్నీ హైదరాబాద్‌లోనే పోగుపడ్డాయి, ఆరోగ్య సిబ్బందికి పాఠాలు చెప్పే వెంగళరావునగర్ సంస్థతో సహా. 2014లో సంస్థ అక్కడ, మనం ఇక్కడ! అదే తంతు రేపు అమరావతిలో జరిగితే దివిసీమకు ఒరిగేదేమిటి?

బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి అధ్యాపకులను అవనిగడ్డ ఆసుపత్రికి రప్పించి, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల, నాగాయలంక, కోడూరు ఏఎన్ఎంలకు వానాకాలానికి ముందే తర్ఫీదివ్వాలి. టీకాను ఉచితంగా సర్కారే కొనాలి. ఆ రోజులను డ్యూటీ కింద లెక్కగట్టి భత్యం చెల్లించాలి. ఇప్పటికే ఆప్‌లు నింపలేక చస్తున్న ఆ ఆడపిల్లలకు దీని పేరు చెప్పి ఇంకో ఆప్ మాత్రం అంటగట్టవద్దు.